చీటీ లేకుండా ఆగిన మోటారు

నా నోటుపుస్తకంలో నవంబరు నెలాఖరు సోమవారం నాటి పేజీ ఒకటుంది. అందులో ఉన్నది నాలుగు ముక్కలే.

"మధ్యాహ్నం 3.10, వాన మొదలు. 3.25, మోటారు ఆపించాను. 3.52, వాన ఆగింది, తొమ్మిది మిల్లీమీటర్లు. బజ్జీలు తిన్నాం."

మట్టి, నీటి పరీక్షల పనిలో కొత్తగా చేరుతున్నవాళ్లు దీన్ని చదువుతుంటే ఒక పని చెయ్యండి. ఈ నాలుగు ముక్కల్లో తప్పెక్కడుందో వెతకండి. అది పట్టుకోవడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. పైకి ఒప్పుకోవడానికి మరో నాలుగు.

అనంతపురంలో మట్టి పరీక్షల ల్యాబులో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి ముందుగా రిటైరయ్యాను. మా ఆయన అప్పటికే రియాద్‌లో ఒక ఆఫీసులో లెక్కలు చూసేవారు. నేనూ వెళ్లాను. ఇంట్లో ఊరికే కూర్చోలేక తోటలు వేసే ఒక కంపెనీలో చేరాను. నీళ్లలో, మట్టిలో ఉప్పు ఎంతుందో కొలిచి, ఏ చెట్టుకు ఎన్ని నీళ్లో లెక్క కట్టడం నా పని. మూడో ఏడాది ఆ కంపెనీకి అల్ ఖర్జ్ అవతల ఒక పాత ఇంటి తోటను తిరిగి నిలబెట్టే పని వచ్చింది.

అది మట్టి ఇల్లు. గోడలు రెండు మూరల మందం. వేసవిలో లోపలికి అడుగు పెడితే కుండలో ఉన్నట్టుండేది. బయట ఖర్జూరాలు, రేగుచెట్లు, ఒంటెలతో నీళ్లు తోడిన కాలం నాటి ఎండిపోయిన బావి. ఇంటి వెనక, చుట్టూ గోడ ఉన్న లోతోటలో నిమ్మజాతికి చెందిన మాదీఫల చెట్లు ముప్పై ఒకటి. ఇంటి యజమాని రియాద్‌లో ఉండేవాడు. ఆయన తల్లి మాత్రం అక్కడే. ఎనభై దాటిన మనిషి. ఆ చెట్లు నాటింది ఆమె అత్తగారు. పొద్దున్నే చేతికర్ర పట్టుకొని వచ్చి, ప్రతి చెట్టు దగ్గరా ఒక ఆకు తుంచి నలిపి వాసన చూసి, తర్వాతి చెట్టుకు నడిచేది. ముప్పై ఒకటీ అయ్యాకే నాస్తా.

"మా అమ్మ ఉండగానే తోట మళ్లీ నిండుగా కనపడాలి" అని కొడుకు మా కంపెనీకి చెప్పాడట. గడువు మార్చి.

అక్కడ మనుషులు ఏడుగురు. వాళ్లకు పెద్ద జగిత్యాల మనిషి. ఆ తోటలోనే పద్నాలుగేళ్ల నుంచి ఉన్నాడు. పని మా కంపెనీకి వచ్చినప్పుడు అతని ఇకామా, అంటే ఆ దేశంలో ఉండి పనిచేసే పర్మిట్టు కూడా మా కంపెనీ పేరు మీదికే మారింది. కూతురు ఊళ్లో నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. అది పూర్తయ్యేదాకా ఉండి, ఆ తర్వాత తనే ఖురూజ్ పెట్టుకొని పోతానని, అంటే పూర్తిగా ఇంటికి వెళ్లిపోతానని నాతో అన్నాడు. మా మీద ముదీర్, అంటే మేనేజరు. హైదరాబాదు మనిషి. నన్ను ఆపా, అంటే అక్కా, అనేవాడు. తెలుగు బాగా మాట్లాడతాడు కానీ ఉర్దూ మీడియంలో చదివాడు, చదవడం రాదు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

నేను వెళ్లేసరికి మాదీఫలాలకు పాదులు కట్టి, కాలవతో నిండా నీళ్లు పెడుతున్నారు. బోరు నీళ్లు కొంచెం ఉప్పన. అన్ని నీళ్లు వృథా అని లెక్క వేసి చూపించి, సెప్టెంబరులో పాదులు చెరిపించి డ్రిప్పు వేయించాను. నీళ్ల ఖర్చు సగానికి సగం తగ్గింది. ముదీర్ సంతోషించాడు. నేను ఇంకా సంతోషించాను. అప్పుడే ఒక నియమం కూడా పెట్టాను. నా చీటీ లేకుండా మోటారు ఆపకూడదు, నడపకూడదు. చీటీ మీద తేదీ, గంట, సంతకం ఉండాలి. చీటీలన్నీ ఒక ఫైలులో.

జగిత్యాలాయన మొదటి రోజే నవ్వాడు. "మోటర్‌కు గూడ ఇకామా జేసిన్లు మేడం."

ఆ సోమవారం మబ్బు పట్టింది. మూడు దాటాక చినుకులు పడ్డాయి. ఎనిమిది నెలల తర్వాత వాన. అందరూ పనులు వదిలేసి బయటికి వచ్చారు. ఒకతను చొక్కా విప్పి నిలబడ్డాడు. జగిత్యాలాయన మోటారు గది దగ్గర నుంచి కేకేశాడు.

"మేడం, మోటర్ బంద్ జెయ్యాల్నా?"

"ఇంగ అడగల్లానా? ఆపెయ్యప్పా. పైనుంచి పడతా ఉంటే మనం పెట్టేదేంది?"

"మరి చీటీ?"

"రాసిస్తాలే. ముందు ఆపు."

అనంతపురంలో వాన పడుతుంటే మోటారు నడిపిన రైతును నా సర్వీసంతటిలో ఒక్కణ్ని కూడా చూడలేదు. జగిత్యాలలోనూ ఉండడు. మాలాంటి ఊళ్ల వాళ్లకు వాన చూడగానే చెయ్యి స్విచ్చి మీదికి పోతుంది. అందులో ఆలోచించేదేమీ లేదు. ఆ సాయంత్రం వాళ్ల గదిలో మిరపకాయ బజ్జీలు వేశారు. నాకూ పేపరులో చుట్టి నాలుగు ఇచ్చారు. తింటూ, "నేల తడిగా ఉంది, గురువారం దాకా మోటారు వద్దు" అన్నాను. ఆ చీటీ కూడా రాయలేదు.

ఆరో రోజున ఆకుల కొనలు గోధుమరంగుకు తిరిగాయి. తొమ్మిదో రోజుకు కొన్ని చెట్ల ఆకులు కాల్చినట్టయ్యాయి. పదకొండో రోజున పెద్దావిడ మూడో చెట్టు దగ్గర ఆకు కోసం చెయ్యి చాపింది. చెయ్యి తగలకుండానే గుప్పెడు ఆకులు రాలాయి. ఆమె నాలుగో చెట్టుకు వెళ్లకుండా లోపలికి పోయింది. ఆ రోజు నాస్తా చెయ్యలేదని వంటామె చెప్పింది.

పదమూడో రోజు ముదీర్ వచ్చాడు. అతను మట్టి మనిషి కాదు, కాగితాల మనిషి. నేరుగా మోటారు గదికి వెళ్లి గంటల మీటరు చూశాడు. రోజువారీ రాసిన అంకెలతో పోల్చాడు. తర్వాత నా ఫైలు తెప్పించాడు.

"మూడు రోజులు మోటర్ తిరగలేదు. చీటీ ఏదీ?"

జగిత్యాలాయన నా వైపు చూడలేదు. అది నాకిప్పటికీ గుర్తే. నేల వైపు చూస్తూ, "వాన వడ్డది సార్, బందు వెట్టిన" అన్నాడు.

"ఎవరిని అడిగి?"

అతను స్విచ్చి పెట్టె తలుపు మూశాడు. ముదీర్ నా వైపు తిరిగాడు. "ఆపా, నియమం మీదే కదా. చీటీ లేకుండా ఆపొద్దని. చెట్లను మూడు రోజులు ఎండబెట్టాడు. చీటీ ఉన్నదా లేదా, మీరు ఇచ్చారా?"

"చీటీ రాయలేదు" అన్నాను.

అది నిజమే. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా జీవితంలో అంత నిజమైన, అంత చెడ్డ మాట నేను మరొకటి అనలేదు.

ముదీర్ వెళ్లాక జగిత్యాలాయన గొట్టాలు సర్దుతూ అన్నాడు. "మీ పుస్తకంల ఉంటది గద మేడం." అడిగినట్టు లేదు, దెప్పినట్టూ లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఆ రాత్రి నన్ను నేను సమర్థించుకోవడానికి ఒక దారి కనపడింది. తొమ్మిది మిల్లీమీటర్ల వాన పడ్డాక మూడు రోజుల్లో మాదీఫలం చెట్టు ఎండదు. కాబట్టి కారణం మోటారు కాదు, ఇంకేదో రోగం. అది కనిపెడితే ఇద్దరం బయటపడతాం. మర్నాడు పది చెట్ల కింద అడుగు లోతున మట్టి తీశాను. పదిహేనో రోజు కంపెనీ ల్యాబులో ఉప్పు కొలిచాను. సెప్టెంబరులో 1.8 ఉన్న చోట ఇప్పుడు 6.2. మీటరు చెడిపోయిందనుకొని ఇంకో మీటరుతో చూశాను. 6.1.

అప్పుడు అర్థమైంది. ఉప్పన నీళ్లు డ్రిప్పుతో పెడితే, చుక్క పడే చోట నేల తడిసి, ఆ తడి ఉప్పును చుట్టూ బయటికి నెడుతుంది. వేరు ఉన్న చోట మంచిగా ఉంటుంది. ఉప్పంతా ఒక అడుగు దూరంలో తెల్లని చక్రంలా పేరుకుంటుంది. నీళ్లు పడుతున్నంతసేపూ ఆ చక్రం అక్కడే ఉంటుంది. పెద్దవాన కురిస్తే ఉప్పును లోతుకు కడిగేస్తుంది. చిన్నవాన ఆ ఉప్పును కరిగించి పక్కకు పాకిస్తుంది, అంతే. ఆ సమయంలో మోటారు నడుస్తుంటే లోపలి నీళ్లు అడ్డుకుంటాయి. ఆపితే ఉప్పు నేరుగా వేళ్లలోకి వస్తుంది. వాన పడేటప్పుడే మోటారు నడవాలి. ఈ సంగతి చదువుకున్నప్పుడు పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఇక రోగమేమీ లేదు. ఆపించింది నేను. మూడు రోజులు వద్దన్నదీ నేనే.

అయినా నాలుగు రోజులు నోరు విప్పలేదు. చెట్లకు చెయ్యవలసింది మాత్రం చేశాను. రోజుకు ఆరు గంటలు మోటారు నడపమని చీటీలు రాశాను. ఉప్పు మెల్లగా వేళ్ల నుంచి వెనక్కి జరగసాగింది. రిపోర్టు మొదలుపెట్టి, "వాన సమయంలో మోటారు ఆగింది" అని రాశాను, దానంతట అదే అలిగి ఆగినట్టు. ముదీర్ ఫోన్ చేసి, "తోటమాలికి ఖురూజ్ వేస్తున్నారు ఆపా, శనివారం కాగితాలతో వస్తా" అన్నాడు. "రిపోర్టు ఇంకా కాలేదు" అన్నాను. నా నోటుపుస్తకంలో నిజం రాసే ఉంది కాబట్టి నేను నిజం దాచలేదని నన్ను నేను నమ్మించుకున్నాను. తెలుగు మాట్లాడేవాళ్లు ఇంకా ఉన్నా, అక్కడ దాన్ని చదవగలిగినవాడు ఒక్కడే. అతన్నే పంపించేస్తున్నారు.

శనివారం నా పుస్తకంలో ఇలా మొదలవుతుంది. 11.20, పడమట మబ్బు. 11.35, ముదీర్ వచ్చాడు.

పెద్దావిడ వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. జగిత్యాలాయన సామాను గోడ పక్కన పెట్టి ఉంది. పద్నాలుగేళ్లకు ఒక సూట్‌కేసు, తాడుతో కట్టిన ఒక దుప్పటి మూట. మోటారు నడుస్తోంది. ముదీర్ కాగితాలు వరండా మెట్ల ముందున్న బల్ల మీద పరిచి, "ఇక్కడ సంతకం, ఇక్కడ వేలిముద్ర" అని చూపిస్తున్నాడు. జగిత్యాలాయన పెన్ను తీసుకున్నాడు. 11.48కి మొదటి చినుకు ఆ కాగితం మీదే పడింది.

ముదీర్ కాగితాలు చప్పున దగ్గరకు లాక్కొని, తోట వైపు తిరిగి అరిచాడు. "అరే, వాన వచ్చింది, మోటర్ బంద్ చెయ్యండి రా."

ఇద్దరు పనివాళ్లు అప్పటికే పరుగెత్తుతున్నారు. చెప్పాను కదా, మా చేతులకు అది నేర్పనక్కర్లేదు. నేను వాళ్లకంటే ముందు ఎలా వెళ్లానో తెలీదు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని. మోటారు గది గుమ్మంలో రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాను.

"ఆపొద్దు."

"జరగున్రి మేడం, తడుస్తున్నరు" అన్నాడొకడు.

"ఆపితే మిగిలినవి కూడా పోతాయప్పా. ముట్టుకోవద్దు."

ముదీర్ ఫైలు నెత్తి మీద పెట్టుకొని వచ్చాడు. "ఏమైంది ఆపా? వానలో నీళ్లు పెడతారా ఎవరైనా? అవతల ఆమె చూస్తోంది. నవ్విపోతారు."

ఉప్పు సంగతి చెప్పడం మొదలుపెట్టాను. చక్రం, చిన్నవాన, వేళ్లు. అతను సగంలో ఆపాడు. కాగితాల మనిషి అన్నాను కదా. అసలు చోట పట్టుకున్నాడు.

"అంటే పోయినసారి చెట్లు ఎండింది నీళ్లు లేక కాదు. వానలో మోటర్ ఆపడం వల్ల."

"ఔను."

"అదే కదా నేనన్నది. ఆపింది వాడే కదా."

చినుకులు పెరిగాయి. ఆ గుమ్మంలో ఇంకో నిజమైన చెడ్డమాట నాకు దొరికేదే. స్విచ్చి నొక్కింది అతనే. ఔనంటే చాలు, మోటారూ నడుస్తుంది, నా సర్వీసూ మచ్చ లేకుండా ముగుస్తుంది. మోటారు గదిలోంచి వచ్చే ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"స్విచ్చి అతను నొక్కాడు. ఆపమన్నది నేను" అన్నాను. "అడిగాడు. చీటీ కూడా అడిగాడు. తర్వాత రాస్తానన్నాను. మూడు రోజులు వద్దన్నదీ నేనే. నా పుస్తకంలో ఉంది."

సంచిలోంచి పుస్తకం తీసి ఆ పేజీ తెరిచి ఇచ్చాను. అతను చూసి తిరిగి నాకే చాపాడు. "నాకు తెలుగు చదవడం రాదు ఆపా. మీరు రాసింది మీరే చదివితే సాక్ష్యం ఎట్లా?" అని, వరండా వైపు చూసి పిలిచాడు. "ఇదర్ ఆ. ఇది చదువు."

జగిత్యాలాయన వానలోనే నడుచుకుంటూ వచ్చాడు. తొందరపడలేదు. చేతులు లుంగీకి తుడుచుకొని పుస్తకం తీసుకున్నాడు. పేజీని మొహానికి దూరంగా పెట్టుకొని, బడిలో పిల్లవాడిలా ఒక్కొక్క మాటా చదివాడు.

"మధ్యాహ్నం మూడు పది, వాన మొదలు. మూడు ఇరవై అయిదు, మోటారు ఆపించాను." అక్కడ కొంచెం ఆగాడు. "మూడు యాభై రెండు, వాన ఆగింది, తొమ్మిది మిల్లీమీటర్లు. బజ్జీలు తిన్నాం."

"అదీ రాశారా?" అన్నాడు ముదీర్.

"ఎన్ని తిన్నరో మాత్రం రాయలే సార్. నాలుగు" అన్నాడు జగిత్యాలాయన.

పనివాళ్లలో ఒకడు నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు. నేను నవ్వలేదు, ముదీర్ కూడా. పెద్దావిడ వరండా నుంచి కర్ర నేలకు కొట్టి ఏదో అడిగింది. ముదీర్ వెళ్లి అరబ్బీలో చాలాసేపు చెప్పాడు. ఆమె రెండు ముక్కలంది. అతను తిరిగి వచ్చి నాతో కాకుండా గోడతో అన్నట్టుగా అన్నాడు.

"నడవనీ అంటోంది."

వాన 12.30కి ఆగింది. ఆరు మిల్లీమీటర్లు. మోటారు సాయంత్రం ఐదున్నర దాకా నడిచింది. నేను ఆ గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. ఎవరో చూడలేదు. కాగితాలు తడిసిపోయాయని ముదీర్ వాటిని చుట్టి కారులో పడేశాడు. సూట్‌కేసు మాత్రం గోడ పక్కనే తడుస్తూ ఉండిపోయింది. దాని సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, దాని యజమానికి కూడా.

మర్నాడు పొద్దున్న మళ్లీ పది చెట్ల కింద మట్టి తీశాం. నేను గుంటలు చూపిస్తుంటే జగిత్యాలాయన తవ్వాడు. నేను క్షమాపణ చెప్పుకోవాలనుకుంటున్నాను. మాటలు కూడదీసుకునేలోపే అతనే అన్నాడు.

"ఆ మొదటి వాన నాడే ముసలమ్మ అడిగింది మేడం, నీళ్లు ఎందుకు బందు వెట్టిన్లని. వాళ్ల అత్త ఉన్నప్పుడు వానొస్తే ఉరికి పోయి కాలవ ఇప్పేటోళ్లట."

గడ్డపార అతని చేతిలోనే ఉంది. నేను మట్టి సంచి కింద పెట్టాను.

"మరి నాకెందుకు చెప్పలేదప్పా?"

"చెప్దామనే వచ్చిన. మీరు పుస్తకంల రాసుకుంటున్నరు. నడుమ మాట్లాడితే మీకు కోపమొస్తదని ఎనుకకు మర్రిన."

ఆ పేజీ మళ్లీ తీసి చూశాను. గంటలు ఉన్నాయి, నిమిషాలు ఉన్నాయి, మిల్లీమీటర్లు ఉన్నాయి. పక్కన మనిషి వచ్చి నిలబడి వెళ్లిపోయిన సంగతి లేదు.

ల్యాబులో ఆ మట్టి 2.3 చూపించింది. ముప్పై ఒకటిలో పన్నెండు చెట్లు పోయాయి. పంతొమ్మిది నిలిచాయి. ఫిబ్రవరిలో పూత వచ్చింది. పోయినవాటి చోట జగిత్యాలాయన కొమ్మలు అంటుకట్టి కొత్తవి నాటాడు. పెద్దావిడ పొద్దున నడక మళ్లీ మొదలుపెట్టింది. కొత్త మొక్కల దగ్గర కూడా ఒక్క క్షణం ఆగి కదిలేది. నన్ను చూస్తే తల ఊపేది. అంతకు మించి ఏమీ లేదు, ఉండాలని నేను అనుకోలేదు కూడా.

జగిత్యాలాయన ఖురూజ్ రద్దయింది. నా కాంట్రాక్టు మార్చితో ముగిసింది, పొడిగించలేదు. ముదీర్ చివరి రోజు టీ తెప్పించి, "మీరు ఆ పదమూడో రోజే చెప్పుంటే పొడిగించేవాణ్ని ఆపా" అన్నాడు. అతను చెప్పింది సబబే. చెట్లు చంపినందుకు కాదు, నాలుగు రోజులు మౌనంగా ఉన్నందుకు పోయింది ఆ ఉద్యోగం. లెక్క సరిగ్గా చెప్పాలంటే ఆరు రోజులు. నాలుగు అని పైన రాశాను కదా, అది నాకు కారణం తెలిసినప్పటి నుంచి. "చీటీ రాయలేదు" అన్న రోజు నుంచి లెక్కపెడితే ఆరు.

ఇప్పుడు నంద్యాలలో ఉంటున్నాను. జగిత్యాలాయన కూతురు చదువు అయిపోయింది, ఉద్యోగంలో చేరింది. అతను మాత్రం ఇంకా ఆ తోటలోనే ఉన్నాడు. కొత్త చెట్లు కాపుకొచ్చేదాకా ఆగుతానన్నాడు. అల్ ఖర్జ్‌లో వాన పడినప్పుడల్లా నా ఫోన్‌కు ఒక మెసేజ్ వస్తుంది. కుశలప్రశ్నలు ఉండవు.

"వాన మొదలు 2.50. మోటర్ నడుస్తున్నది. చీటీ లేదు."

ఆ తోట మీద నాకిప్పుడు ఏ అధికారమూ లేదు. అయినా లేచి కళ్లజోడు పెట్టుకొని, కాగితం మీద తేదీ, గంట వేసి, "మోటారు ఆపవద్దు" అని రాసి సంతకం పెడతాను. ఫోటో తీసి పంపుతాను. ఆ తర్వాతే నోటుపుస్తకం తెరుస్తాను.